టైలరమ్మ చక్రాల గడ్డి మిషను

మా మేనత్తకి ఒక పేరుంది. కానీ ఆ పేరుతో పిలిస్తే ఆవిడే పలకదు. ముప్పై ఎనిమిదేళ్లు బజారు చివర చిన్న గదిలో కుట్టుమిషను తొక్కిన మనిషి. ఊరంతా టైలరమ్మ అంటారు. నేను ప్రేమ వస్తే అత్తా అంటాను, కోపం వస్తే టైలరమ్మా అంటాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి రెండోదే ఎక్కువ. నేను డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాను. రోజుకి ఎనిమిది మంది నా పక్కన కూర్చుని బ్రేకు బదులు యాక్సిలరేటరు తొక్కుతారు. ఇంక శాంతం ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి?

షాపు మూసేసిన ఏడాది అత్త ఊరి బయట అర ఎకరం కొంది. రెండు గదుల ఇల్లు, వెనకాల బోరు, మిగతాదంతా ఖాళీ నేల. అందులో నూట నలభై నాలుగు దానిమ్మ మొక్కలు నాటింది. పన్నెండు వరసలు, వరసకి పన్నెండు. గుంతలు తవ్వడానికి మాత్రం మనిషిని పెట్టుకుంది. కొలతలు వేసింది, నాటింది, నీళ్లు పోసింది, అన్నీ ఆవిడే.

"ఈ వయసులో తోట ఏంటి అత్తా, హాయిగా టీవీ చూసుకోక?" అని అడిగాను ఒకసారి.

"ముప్పై ఎనిమిదేళ్లు కుట్టానే. నేను కుట్టింది ఒక్కటైనా ఇవాళ ఎవరి ఒంటి మీదైనా ఉందా? కొన్ని చిరిగాయి, కొన్ని పొట్టివైపోయాయి, మిగతావి మసిగుడ్డలయ్యాయి. ఇవైనా నా తర్వాత ఉండనీ" అంది.

మర్నాడే ఆవిడకి కొత్త బకెట్టు ఒకటి కొనిచ్చాను. 

రెండో ఏడాది ఆవిడ మోకాలికి ఆపరేషనైంది. నాలుగు నెలలు మా ఇంట్లోనే ఉంచేశాను. ఆ నాలుగు నెలల్లోనే వానలు దంచి కొట్టాయి. డాక్టరు సరే అన్న రోజున కారులో తీసుకెళ్లి గేటు ముందు దింపితే ఇద్దరం నోరెళ్లబెట్టాం. తోట లేదు. ఛాతీ ఎత్తున కలుపు. తుంగ, ముళ్లకంప, వాటి మీదుగా పాకిన పేరు తెలియని తీగ, అన్నిటికన్నా పైన వయ్యారిభామ. ఆ పేరు పెట్టినవాడెవడో దాన్ని పీకి ఉండడు. ముట్టుకుంటే ఒళ్లంతా దద్దుర్లు. మోకాలెత్తు దానిమ్మ మొక్క ఒక్కటి కూడా కనబడలేదు.

గేటుకి ఒక కాగితం అంటించి ఉంది. ఊరి పంచాయతీ ఆఫీసువాళ్ల నోటీసు. ఎండలు ముదిరితే ఈ కలుపు ఎండి నిప్పంటుకుంటుందట, పక్క ఇళ్లకి ప్రమాదమట. పన్నెండు రోజుల్లో చీలమండ ఎత్తుకి తగ్గించకపోతే ట్రాక్టరు పంపి మొత్తం దున్నించేస్తారట.

"దున్నిస్తే మొక్కలో?" అంది అత్త.

మొక్కలు ఎవడికి కనబడుతున్నాయి? ట్రాక్టరుకి కలుపూ ఒకటే, దానిమ్మా ఒకటే. ఆవిడ గేటు ఊచ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

కూలీల కోసం తిరిగాను. ఒక్కరూ దొరకలేదు. నోటీసు అందరికీ వచ్చింది మరి, నెలాఖరు దాకా అందరూ ఎక్కడో ఒకచోట ఒప్పుకున్నారు. మా నాన్నకి ఫోన్ చేస్తే, "అక్కకి చెప్పు, ట్రాక్టరు రానీ. మోకాలు మళ్లీ విరగ్గొట్టుకుంటే నేను చూడలేను. దానిమ్మలు బజార్లో దొరకవా?" అన్నాడు. నాన్న అత్తకి తమ్ముడు. అక్కంటే ప్రాణం. ఆ ప్రాణమంతా భయం రూపంలోనే బయటికొస్తుంది.

అత్త ఫోన్ లాక్కుంది. "ఒరేయ్ తమ్ముడూ, నీ పెళ్లి చొక్కా కుట్టింది బజారా, నేనా?" అని పెట్టేసింది.

నేను పన్నెండు రోజులు సెలవు పెట్టేశాను. ముందు భుజానికి తగిలించుకునే గడ్డి మిషను ఒకటి అద్దెకి తెచ్చాను. అత్త ఇవ్వనంటే ఇవ్వనని తనే తగిలించుకుంది. పావుగంటలో మెడ పట్టేసింది. కుట్టుమిషను మీద వంగి వంగి అరిగిపోయిన మెడ అది. నేను తగిలించుకుంటే నాకు నడుం పట్టేసింది. ఇద్దరం వసారాలో బల్లల మీద బోర్లా పడుకుని మూలుగుతుంటే, మా స్కూలు మైదానం చూసే వాచ్‌మన్ గుర్తొచ్చాడు. ఆయన దగ్గర చక్రాల మిషను ఉంది. ఎవరి మెడా పట్టేయకుండా ఎకరాలు ఎకరాలు కోస్తాడు.

మర్నాడు ఆయనే ఆటోలో వేసుకొచ్చి దింపాడు. రెండు పెద్ద చక్రాలు, వాటి మీద ఇంజను, తోయడానికి పొడుగాటి పిడి, ముందు నేలకి దగ్గరగా గుండ్రటి తల. ఆ తలకి బ్లేడు లేదు. రెండు పక్కలా లావుపాటి నైలాన్ దారం వేలాడుతోంది. ఇంజను తిరిగితే ఆ దారమే గిర్రున తిరిగి గడ్డిని నరికేస్తుంది. బరువంతా చక్రాలది, మనిషి వెనకాల నడిస్తే చాలు.

అత్త ఆ దారాన్ని వేళ్ల మధ్య నలిపి చూసింది. నాలుగు నెలల తర్వాత ఆవిడ మొహంలో వెలుగు చూశాను. "దారమా! ఇన్నాళ్లూ దారంతో కలిపాను. దారంతో కోయొచ్చని ఎవరూ చెప్పలేదేం?"

"జాగ్రత్తమ్మా" అన్నాడు వాచ్‌మన్. "మొక్క కాండానికి ఈ దారం తగిలిందా, బెరడు చుట్టూ ఊడిపోతుంది. ఇంక మొక్క బతకదు. మొక్క ఎక్కడుందో తెలియకుండా దగ్గరికి పోనివ్వొద్దు."

నేర్పే పని నాది కదా, కళ్లద్దాలు పెట్టించి, చెవులకి మూతలు తగిలించి, పక్కన నిలబడ్డాను. ఆవిడ ఇంజను స్టార్టు చేయగానే కుడికాలు దానంతటదే పైకీ కిందకీ ఆడడం మొదలెట్టింది. తొక్కుడు మిషను అలవాటు!

"అక్కడ పెడల్ లేదు టైలరమ్మా! నడు, నడు!" అని అరిచాను.

"నాకు వినబడదు, చెవులు మూశావుగా!" అని ఆవిడ అరిచింది.

నేను నేర్పింది అరగంట. తర్వాత ఆవిడే నాకు నేర్పింది. ఛాతీ ఎత్తు కలుపుని ఒక్కసారే మొదలంటా కోయబోతే తీగలు తలకి చుట్టుకుని ఇంజను ఆగిపోతోంది. అందుకని ముందు పిడిని కిందికి నొక్కి, తలని పైకి లేపి మోకాలెత్తున ఒక పట్టు, వెనక్కొచ్చి నేల దగ్గర ఇంకో పట్టు. కోసింది కోసిన వైపే పడేలా నడవాలి, లేకపోతే అదే మళ్లీ అడ్డం వస్తుంది. దారం ఎండి పెళుసెక్కి ఊరికే తెగుతోందని ముక్కలు కత్తిరించి బకెట్టు నీళ్లలో నానబెట్టింది. మర్నాటి నుంచి తెగడం సగానికి సగం తగ్గింది. కొలిచి కత్తిరించడం, మడిచి ఎక్కించడం ఆవిడకి ఒకరు చెప్పాలా?

ఇంటి చుట్టూ, కంచె వెంబడీ రెండు రోజుల్లో అయిపోయింది. మూడో రోజు అసలు పని, మొక్కల మధ్య.

పద్ధతి నేనే చెప్పాను. గోడ నుంచి కొలుచుకుంటూ పోయి, మొక్క ఉండాల్సిన ప్రతిచోటా ఒక కర్ర పాతుతాను. కర్ర చుట్టూ అడుగు మేర వదిలి అత్త మిషను నడుపుతుంది. వదిలిన పొదని తర్వాత నేను కొడవలితో శుభ్రం చేస్తాను. "గోడకీ మొదటి మొక్కకీ, మొక్కకీ మొక్కకీ ఎంతెంత పెట్టావ్?" అంటే, "రెండు టేపులు" అంది. టేపు అయిదడుగులు, అంటే పదడుగులు. ఆవిడ ఇంట్లోకి వెళ్లి టేపు తెస్తానంటే నేనే ఆపాను. "ఆ పాత గుడ్డ టేపెందుకు? నా కారులో స్టీలుది ఉంది, పక్కాగా ఉంటుంది" అన్నాను. ఎంత గొప్పగా అన్నానో ఇప్పటికీ గుర్తుంది. చెంప పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

మొదటి వరస. ఆరు కర్రలు పాతాను. అత్త ఆరింటి చుట్టూ తిరిగి కోసింది. సాయంత్రం నేను కొడవలి పట్టుకుని పొదలు తీయడం మొదలెట్టాను. ఒకటో పొదలో మొక్క ఉంది. సన్నగా, పాలిపోయి ఉన్నా చిగురు ఉంది. ఇద్దరం చప్పట్లు కొట్టాం. రెండు, మూడు ఉన్నాయి. నాలుగోది పొద అంచున నక్కి ఉంది. అయిదో పొదలో ఏమీ లేదు. ఆరో పొదలోనూ లేదు.

కోసిపడేసిన కుప్పలో వెతికితే రెండూ దొరికాయి. మధ్యకి తెగి, బెరడు పీచులు పీచులుగా లేచి ఉన్నాయి.

అత్త వాటిని ఒళ్లో పెట్టుకుని బల్ల మీద కూర్చుంది. అప్పుడైనా నేను నోరు మూసుకోవాలి కదా? తప్పు నా మీదికొస్తుందని భయం, అలసట, ఒళ్లంతా దురద. "నేను సరిగ్గానే కొలిచాను. నువ్వే వంకరగా నాటుంటావ్!" అన్నాను.

ఒక టైలరుని పట్టుకుని నీ గీత వంకర అంటే ఎలా ఉంటుంది? ఆవిడ లేచి లోపలికెళ్లి తలుపు వేసుకుంది. రాత్రి భోజనం కూడా నా కంచం వసారాలోకి తోసింది. మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి స్టీలు టేపు పట్టుకుని మొదటి వరసలో ఉంది. బతికిన నాలుగు మొక్కల మధ్య దూరం కొలుస్తోంది.

"పదడుగుల మూడంగుళాలు" అంది, నా వైపు చూడకుండా. రెండో జత దగ్గరికి జరిగింది. "పదడుగుల మూడంగుళాలు." మూడో జత. "పదడుగుల మూడంగుళాలు." అప్పుడు నా వైపు తిరిగింది. "వంకరగా నాటినదాన్నైతే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ రావాలే. మూడుచోట్లా మూడే ఎక్కువేంటి?"

నాకు అర్థం కాలేదు. ఆవిడ గబగబా ఇంట్లోకెళ్లి కుట్టుమిషను సొరుగులోంచి పాత గుడ్డ టేపు తెచ్చింది. అంకెలు సగం చెరిగిపోయిన పసుపు టేపు. దాన్ని స్టీలు టేపు పక్కన పరిచింది. అరవై అంగుళాల గుడ్డ టేపు అరవై ఒకటిన్నర ఉంది! ఏళ్ల తరబడి లాగీ లాగీ సాగిపోయింది. టేపుకి అంగుళంన్నర, మొక్కకి మూడంగుళాలు. అయిదో మొక్క దగ్గరకొచ్చేసరికి నా కర్ర అడుగుంపావు పక్కన పడింది. పన్నెండో మొక్కకైతే మూడడుగులు! మొత్తం తోటని నా పక్కా స్టీలు టేపుతో నరికించేసి ఉండేదాన్ని.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. "తప్పైపోయింది అత్తా, నీ గీత బాణంలా ఉంది" అన్నాను.

"సర్లే, లే. నేను మాత్రం నా టేపు తెచ్చుకోకుండా నీ మాట ఎందుకు వినాలి?" అంది.

అప్పుడే నాకో సంగతి వెలిగింది. "అత్తా, అంటే కొలతలు కాగితం మీద రాసి పంపినవాళ్లందరికీ ఇన్నేళ్లూ అంగుళం వదులుగా కుట్టావన్నమాట!"

ఆవిడ ఒక్క క్షణం బిత్తరపోయింది. తర్వాత నడుం మీద చేతులు పెట్టుకుని, "అందుకే నా దగ్గర కుట్టించుకున్నవాళ్లెవరూ బిగుతైందని తిరిగి రాలేదు!" అంది. ఇద్దరం ఆ కలుపు మధ్యలో కూలబడి పడీ పడీ నవ్వాం. నవ్వి నవ్వి అత్త కళ్లు తుడుచుకుంది. తెగిపోయిన రెండు మొక్కల ఏడుపు కూడా అందులోనే పోయింది.

ఇంక చూడాలి టైలరమ్మని! పాత టేపుతో నేను కర్ర పాతడం, కర్ర పాతిన చోట కలుపులో చెయ్యి పెట్టి తడిమితే మొక్క వేళ్లకి తగలడం. ఒక్కటి తప్పలేదు. వరస వెంట వరస, నిలువుగా, అడ్డంగా. తెల్లవారగానే మొదలెట్టి ఎండెక్కేదాకా, మళ్లీ ఎండ వాలాక పొద్దుగూకేదాకా. మోకాలు వాస్తే అరగంట తడిగుడ్డ, మళ్లీ పిడి పట్టుకోవడం. రోజూ నాన్న ఫోన్. "ఎంతవరకూ వచ్చింది?" "ఏడో వరస." "మోకాలో?" "అదీ ఏడో వరసలోనే ఉంది, దాన్నొదిలి రాలేను కదరా" అనేది అత్త.

పదకొండో రోజు పెద్ద వాన పడింది. పూటంతా పోయింది. తడి గడ్డిలో మిషను నడవదు, అంతా చుట్టేసుకుంటుంది. సాయంత్రానికి పదకొండు వరసలయ్యాయి. చివరి వరస, కంచె పక్కది, అలాగే మిగిలిపోయింది. పన్నెండు మొక్కలు.

పన్నెండో రోజు తెల్లారకముందే లేచి కర్రలు పాతేశాను. గడ్డి ఆరేదాకా ఆగాలి. ఎనిమిదింటికి అత్త మిషను స్టార్టు చేసింది. ఎనిమిదిన్నరకి నాన్న వచ్చాడు. తొమ్మిదింటికి ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు మోటారు సైకిలు మీద దిగాడు. ఆయన వెనకాలే ట్రాక్టరు. దున్నే పళ్లాలు వెనకాల తళతళలాడుతున్నాయి. అత్త అప్పటికి ఆరో మొక్క దాటింది.

"టైమైపోయిందండీ. చివర కలుపు అలాగే ఉంది కదా" అన్నాడు ఇన్‌స్పెక్టరు, కాగితాలు తీస్తూ.

"ఇంకో అరగంట సార్" అన్నాను.

"అందరూ అరగంటే అంటారు. ఆవిణ్ణి ఆపమనండి."

"మీరే ఆపండి" అన్నాను. నిజం చెప్తున్నాను, నాకు ఆపాలని లేదు.

ఆయన వరస మధ్యలోకి వెళ్లి చెయ్యి ఎత్తాడు. "అమ్మా! ఆపండి! అమ్మా!" అత్త చెవులకి మూతలు. కళ్లు కర్ర మీద. ఆవిడ అలాగే ముందుకు వస్తోంది. ముళ్లకంప రెండు పక్కలా ఎగిరిపడుతోంది, ఆకుపచ్చ తుక్కు ఆయన తెల్లచొక్కా మీద చిందుతోంది. ఆయన ఒకడుగు వెనక్కి వేశాడు. ఇంకో అడుగు. "అమ్మా, నేను ఆఫీసు నుంచి!" ఇంకో మూడడుగులు. అలా ఆయన్ని వెనక్కి నడిపిస్తూ నడిపిస్తూ పన్నెండో కర్ర దాకా తెచ్చి, కర్ర చుట్టూ గుండ్రంగా తిరిగి, ఇంజను కట్టేసింది. ఒక్కసారిగా నిశ్శబ్దం. చెవి మూత తీసి, "ఏమన్నారు బాబూ?" అంది.

ఆయన చొక్కా దులుపుకున్నాడు. స్కేలు తీశాడు. ఒక్కోచోట వంగి కలుపు ఎత్తు కొలిచాడు. ప్రతి వరసా నడిచాడు. నడుస్తుంటే ఆయన నడక నెమ్మదించింది. కలుపు పోయాక ఆ మొక్కలు ఎటు చూసినా గీత గీసినట్టున్నాయి. పాలిపోయిన ఆకుల మీద వాన తర్వాతి ఎండ పడుతోంది. నేను నూట నలభై రెండూ లెక్కపెట్టాను.

"పన్నెండు రోజుల్లో ఎవరి చేత చేయించారండీ?" అన్నాడు.

మా నాన్న ముందుకొచ్చాడు. "చేయించడమేంటి సార్? మా అక్క చేసింది. నేను వద్దంటే చేసింది" అన్నాడు.

ఇన్‌స్పెక్టరు కాగితం మీద కలుపు తీసేశారని రాసి, సంతకం చేసి, అత్త చేతిలో పెట్టి మోటారు సైకిలెక్కాడు.

ఇంక ట్రాక్టరు మిగిలింది. గేటు ముందు మట్టిదారి ఎంత సన్నగా ఉంటుందంటే, అటూ ఇటూ కంచెలు, ట్రాక్టరు పట్టడమే ఎక్కువ, తిప్పుకోవడానికి చోటెక్కడిది? డ్రైవరు దిగి తల గోక్కున్నాడు. "అమ్మా, గేటు లోపలికి కాస్త వచ్చి తిప్పుకుంటాను. మొక్కల దాకా రాను, ఈ అంచు దగ్గరే."

అత్త గేటు దగ్గరికి నడిచింది. కుంటుతూనే నడిచింది. ఒళ్లంతా ఆకు తుక్కు, జుట్టంతా ముళ్లు, మొహం మీద కళ్లద్దాల అచ్చు. గేటు మధ్యలో నిలబడి రెండు చేతులూ చాపింది.

"ఒక్క చక్రం కూడా లోపల పెట్టనివ్వను నాయనా. ఎలా వచ్చావో అలాగే వెనక్కి వెళ్లు."

"అర మైలు ఉందమ్మా, రివర్సులో ఎలా?"

"మా మేనకోడలు చెప్తుంది. అది నేర్పడంలో దిట్ట."

అంతే. నేను దారి మధ్యలో నిలబడి చేతులూపుతూ, "కుడికి! కొంచెం కుడికి! ఆ, రానీ, రానీ!" అని అరుస్తూ అర మైలు నడిచాను. దున్నే పళ్లాలు గాల్లో ఊగుతూ, అంత పెద్ద ట్రాక్టరూ అంగుళం అంగుళం వెనక్కి పోయింది. నా సర్వీసులో ఎంతమందికో రివర్సు నేర్పాను గానీ, అంత సంతోషంగా ఎవరికీ నేర్పలేదు. మలుపు తిరిగేముందు వెనక్కి చూశాను. అత్త ఇంకా చేతులు చాపుకుని గేటులోనే ఉంది.